పోతు చెట్టు

1978 జనవరి 6, శుక్రవారం. బహ్లా

కొత్త సంవత్సరమని కంపెనీ తలా ఒక డైరీ ఇచ్చింది. రూమ్‌లో రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి మిగతావాళ్లవి కూడా నా ట్రంకుపెట్టె మీదికే చేరాయి.

"పదో తరగతి తప్పినోనికి గిన్ని డైరీలెందుకే నర్సన్నా? బట్టీ పట్టి మల్ల పరీక్షకు పోతవా?" అన్నాడు పెద్దులు. మా పక్క ఊరివాడు, మేస్త్రీ పని చేస్తాడు. నోరు ఊరుకోదు కానీ మనసు మంచిది.

రాయడానికి ఏముంది? పొద్దున సైట్, సాయంత్రం రూమ్. ఇక్కడ ఎవరికో బడి కడుతున్నాం. నేను సిమెంటు తట్టలు మోస్తాను. అరచేతులు పగిలి బీటలు వారాయి. మా నాయన పోయేముందు ఈ చేతులు పట్టుకుని, "కత్తి నీ చేతిల పుట్టిందిరా" అన్నాడు. ఇప్పుడు చూస్తే మొహం తిప్పుకునేవాడు.

ఈత చెట్లన్నీ కల్లు కాంట్రాక్టరు వేలంలో పాడుకుని, గీసేవాళ్లను కూలీలను చేశాక నేను ఊరు వదిలాను. గీత కత్తిని పాత ధోవతిలో చుట్టి పెట్టె అడుగున పెట్టుకొచ్చాను. కల్లు అంటే జైలుకు పంపే అరబ్బు దేశానికి గీత కత్తి ఎందుకు తెచ్చానో ఇప్పటికీ తెలియదు. పెళ్లికి పోతూ పాడె కట్టుకుపోయినట్టు.

జనవరి 9

డ్యూటీ.

జనవరి 14

డ్యూటీ. ఈ డైరీ పెద్దులుకు ఇచ్చేస్తే తలకింద పెట్టుకుంటాడు.

జనవరి 20, శుక్రవారం

సెలవు. కోట గోడ పక్కగా ఖర్జూరపు తోటల్లోకి నడిచాను. ఇక్కడి మట్టిగోడల మధ్య ఫలజ్ అనే సన్న కాలువ పారుతుంది, దాని గట్టు మీద నడిస్తే ఎండ తెలియదు.

ఒక తోటలో ముసలాయన చెట్టును ఆనుకుని నిలబడి ఉన్నాడు. నడుముకూ చెట్టుకూ కలిపి తాడు. నుదురు చెట్టుకు ఆనించాడు. నమాజు చేస్తున్నాడేమో అనుకున్నాను. దగ్గరికి పోతే ఆయన కాళ్లు వణుకుతున్నాయి. రెండు కళ్లలోనూ పొర కమ్మింది. ఎక్కలేడు, తాడు విప్పుకుని ఇంటికీ పోలేడు.

ఆయన పేరు ఖల్ఫాన్. వయసులో ఉండగా కరాచీ రేవులో పని చేశాడట, ఉర్దూ మాట్లాడతాడు. నాది కరీంనగర్ ఉర్దూ. రెండూ వంకరవే కాబట్టి ఒకరి మాట ఒకరికి తేలిగ్గా అర్థమైంది.

"ఎక్కడం వచ్చా?" అన్నాడు.

ఈ దేశం వచ్చాక నన్ను, నీకేం వచ్చని అడిగినవాడు ఈయనొక్కడే.

తాడు ఇచ్చాడు. మేం మోకు అంటాం, వీళ్లు హాబూల్ అంటారు. నడుము దగ్గర వెడల్పాటి పట్టీ ఉంటుంది, మా మోకు కంటే సుఖం. నాలుగు ఎగుర్లకే కాళ్లకు అంతా గుర్తొచ్చింది. పైకి పోయి ఎండు మట్టలు కొట్టాను. మట్టలు పడే చప్పుడులో పైన కూర్చుని ఏడ్చాను. కింద ఎవరికీ వినపడలేదు.

దిగేసరికి తోట యజమానురాలు వచ్చి ఉంది. మహమూదా. మా అవ్వ వయసు ఉంటుంది. మొగుడు లేడు. ఒక కొడుకు పటాలంలో, ఒకడు నూనె బావుల కంపెనీలో. చెట్టు ఎక్కమంటే ఇద్దరూ నవ్వుతారట. చెట్లు చూసుకునే పనివాణ్ణి ఇక్కడ బీదార్ అంటారు. ఖల్ఫాన్ చాచా తన తండ్రి తర్వాత ఈ ఇంటికి బీదార్. చాచా ఆమెకు నన్ను చూపించి ఏదో చెప్పాడు. ఆమె నా పాదాల కేసి చూసింది. మోకు రాపిడికి చిన్నప్పటి నుంచి కాయలు కాసిన పాదాలు. చూసి, కాఫీ పోసింది.

ఫిబ్రవరి 17, శుక్రవారం

ఖర్జూరంలో పోతు చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. మా చెట్లలోనూ అంతే, కానీ మేం రెండింటినీ గీస్తాం, కల్లుకు ఆడేమిటి మగేమిటి. ఇక్కడ పోతు చెట్టు పూత కోసుకొచ్చి, ఆడ చెట్టెక్కి, దాని పూత మధ్యలో ఈ రెమ్మలు పెట్టి ఆకుతో వదులుగా కట్టాలి. లేకపోతే కాయ నిలవదు. గాలి చెయ్యదా ఆ పని అని అడిగాను.

"గాలికి ఎవరి చెట్టు ఏదో తెలియదు బేటా" అన్నాడు చాచా.

ఈ తోట మొత్తానికి పోతు చెట్టు ఒక్కటే. చివర, గోడ మూలన ఉంది. మహమూదా మొగుడు పెళ్లయిన ఏడాది కొండకు అవతలి ఊరి నుంచి పిలకగా ఒంటె మీద తెచ్చి నాటాడట. దాని పూతకు పేరుంది. చుట్టుపక్కల తోటలవాళ్లు వచ్చి అడుగుతారు. మహమూదా అవ్వ కాఫీ ఇచ్చి, పూత ఇచ్చి పంపుతుంది, ప్రతిఫలం పుచ్చుకోదు. ఈ ఊళ్లో ఆమెకు ఇల్లు చిన్నదే, ఇంత మర్యాద ఎక్కడిదా అనుకున్నాను. ఆ చెట్టుదే.

పైన పూత కడుతుంటే ఒక సంగతి తట్టింది. మా తాతల నాటి నుంచి మా ఇంట్లో ఎవరూ చెట్టును కాయనివ్వలేదు. కాయకముందే మెడ కింద కత్తి పెట్టి నీరు తీసుకోవడమే మా పని. ఇవాళ మొదటిసారి ఒక చెట్టు కడుపు పండేలా చేశాను. ఒకటి కాదు, పొద్దు గూకేదాకా కడుతూనే ఉన్నాను. దిగాక చేతులకు పసుపు రాసినట్టు పుప్పొడి. కడుక్కోబుద్ధి కాలేదు.

మాకు పిల్లలు లేరు. ఆ మాట ఇక్కడ ఎందుకు రాశానో.

ఫిబ్రవరి 18

పెద్దులు అడిగాడు. "ఎంతిస్తరట?"

"చెట్టుకో గెల. బీదార్ వంతు గంతే. కాత నిలిస్తేనే."

"పైసల్ గాదా? కర్జూర పండ్లా?" పడీపడీ నవ్వాడు. "ఆరు దినాలు కంపెనీకి, ఏడో దినం ముసల్దానికి. గాడిదన్న శుక్రారం పండుకుంటది గదనే!"

నాకు పైసలు చేదు కాదు. నా భార్య గౌరవ్వకు పంపేది కంపెనీ పైసలే. కానీ శుక్రవారం ముందుందంటే గురువారం నాడు తట్ట తేలిగ్గా ఉంటుంది. ఈ మాట పెద్దులుకు ఎలా చెప్పాలి? చెప్తే మళ్లీ గాడిదే అంటాడు.

మార్చి 3, శుక్రవారం

ఇంకా ఏమీ తెలియదు. చాచా ఓపిక పట్టమన్నాడు.

మార్చి 24, శుక్రవారం

నిలిచింది! శనగ గింజంత పచ్చటి కాయలు, గెల నిండా. నేను కట్టిన ప్రతి చెట్టుకూ. చాచా కళ్లతో చూడలేడు కాబట్టి ఒక రెమ్మ తెంపుకొచ్చి చేతిలో పెట్టాను. వేళ్లతో తడిమి తడిమి చూసుకుని, నా తల మీద చెయ్యి పెట్టాడు. బడి స్లాబు పోసినప్పుడు ఇంజనీరు కంపెనీ దొరతో చేతులు కలిపాడు. తట్టలు మోసినవాళ్లం పక్కనే ఉన్నాం. నాకు అప్పుడేమీ అనిపించలేదు, ఇవాళ అనిపించింది.

సంతోషంగా ఉన్నాను. ఎవరి దిష్టీ తగలకుండా ఉంటే చాలు.

ఏప్రిల్ 21, శుక్రవారం

పెద్దులు ఊరికి పోయి వచ్చాడు. గౌరవ్వ కారం, మామిడికాయ తొక్కు పంపింది. బాగుందట. చిక్కిందా అంటే "ఎవలు చిక్కలేదే?" అన్నాడు.

ఆ తర్వాత అన్నం తింటూ మామూలుగా చెప్పాడు. "నీ చెట్లు భీమన్న గీస్తుండు. కాంట్రాక్టరు ఆయనకు రాసిచ్చిండట. వాగు కాడి ఈత ఉండె గదా, మీ తాత చెట్టు, గది మస్తు పారుతుందంటుండ్రు."

మంచిదే అన్నాను. చెట్టు ఊరికే ఉంటే ఎండిపోతుంది, ఎవరో ఒకరు గీయాలి. భీమన్న మంచి గీతగాడే. చెయ్యి కొంచెం మొరటు, అంతే.

మంచిదే.

ఏప్రిల్ 23

భీమన్నది మొరటు చెయ్యి. చెట్టును పుండు చేస్తాడు.

ఏప్రిల్ 28, శుక్రవారం

తోట పని తొందరగా అయిపోయింది. కుమ్మరి వీధిలోంచి వచ్చాను. ఒక దుకాణం ముందు కుండలు బోర్లించి ఉన్నాయి. అందులో ఒకటి సన్న మూతి, గుండ్రటి పొట్ట, అచ్చం మా కల్లు లొట్టిలాగే ఉంది. కొన్నాను. రూమ్‌లో నీళ్లు చల్లగా ఉంటాయి.

పెద్దులు చూసి నవ్వలేదు. "నీళ్లకేనా?" అన్నాడు.

నీళ్లకే.

మే 5, శుక్రవారం

తోటకు పోయాను. పోతు చెట్టు ఎక్కాను. రాయడానికి ఏమీ లేదు.

మే 7

నా డైరీ నేను కాక ఎవడు చదువుతాడు, దాచడం దేనికి? రాస్తాను.

కత్తి పట్టుకుని పోయాను. తాగడానికి కాదు. తాగాలంటే కంపెనీ డ్రైవర్ల దగ్గర దొరికేవి దొరుకుతాయి. చెయ్యి చూసుకుందామని పోయాను. ఏడాదిన్నరగా సిమెంటు తిన్న చేతికి గీత గుర్తుందో లేదో తెలుసుకోవాలి కదా. పోతు చెట్టు అందరికీ దూరంగా ఉంది. పూత కోసుకోవడం అయిపోయింది, మళ్లీ మాఘం దాకా దాని వైపు ఎవరూ తలెత్తి చూడరు. అది కాసేదీ కాదు. ఊరికే నిలబడి ఉండే చెట్టు. నాలాంటిదే అనుకున్నాను.

మా గీతగాళ్ల దేవుడు కాటమయ్యకు మొక్కాను. ఒక పక్క మట్టలు కొట్టి, మెడ దగ్గర చెక్కు తీశాను. ఇది మా ఈత కంటే మెత్తన. మా చెట్టు అయితే తెల్లటి కండ తేలేదాకా బలం పెట్టాలి, ఇక్కడ కత్తి దానంతటదే దిగింది. కొంచెం ఎక్కువే దిగింది. చెయ్యి ఆపి ఉండాల్సింది. ఆపాలనిపించలేదు. అంత సుఖంగా ఉంది, ఒట్టు.

మర్నాడు డ్యూటీ దిగి పోయేసరికి, కట్టి వచ్చిన లొట్టిలో నీరు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. మా వాగు, మా చెట్టు, లొట్టి దించితే మోదుగాకు డొప్పలు పట్టుకుని నిలబడే మనుషులు. అందరూ నోట్లోకి వచ్చారు. మొదటి కల్లు భూమికి పోయాలి కాబట్టి మిగతాది చెట్టు మొదట్లో పోశాను.

చెయ్యి మరిచిపోలేదు. అది తెలిసింది, చాలు. ఇక గీయను.

మే 9

గీశాను.

మే 12, శుక్రవారం

పొద్దున చాచాతో కలిసి గెలలు వంచి మట్టలకు కట్టాను. కాయ బరువెక్కితే కాడ విరుగుతుంది, అందుకని ఆసరా. చాచా కింద నిలబడి ఊపిరి పీల్చి, "తేనెటీగలు ఎక్కడ చేరాయి?" అన్నాడు. తెలియదన్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

సాయంత్రం గీశాను. ఇదే చివరిసారి.

మే 16

గీశాను.

మే 23

లొట్టిలో చుక్క లేదు. గీత పెట్టిన చోట నల్లబడింది. చెట్టు అలిసింది, మనిషి అలిసినట్టే. లొట్టి దించలేదు. నాలుగు రోజులు ఆగితే మళ్లీ పారవచ్చు. కోతకు మట్టి మెత్తి గోనెపట్టా చుట్టాను. చెట్టు ప్రాణమంతా నడినెత్తిన చిగురించే మొవ్వులో ఉంటుంది.

మొవ్వు పచ్చగానే ఉంది.

జూన్ 2, శుక్రవారం

గెలలన్నీ కట్టడం అయిపోయింది. అవ్వ కాఫీతో పాటు ఇవాళ హల్వా పెట్టింది. నన్ను బీదార్ అని పిలిచింది. ఎప్పుడూ ఎవరూ నన్ను అలాంటి పేరుతో పిలవలేదు. తట్ట, ఓయ్, ఇండియావాడని హిందీ, ఇవే.

మొవ్వు పచ్చగానే ఉంది.

జూన్ 9, శుక్రవారం

మొవ్వు పచ్చగానే ఉంది. నడిమి ఆకు ఒకటి కొంచెం పసుపు తిరిగింది. ఈ ఎండలకు ఏ చెట్టుకైనా తిరుగుతుంది. సైట్‌లో ఇనుము ముట్టుకుంటే బొబ్బలు వస్తున్నాయి, చెట్టుకు మాత్రం కాదా?

జూన్ 11

డ్యూటీ తర్వాత బిందెలతో నీళ్లు పోశాను. ఫలజ్ వంతు వేరేవాళ్లది, అయినా పోశాను.

జూన్ 16, శుక్రవారం

పైకి ఎక్కి నడిమి మొవ్వు పట్టుకున్నాను. గట్టిగా లాగలేదు. ఊరికే పట్టుకున్నాను. చేతిలోకి వచ్చేసింది. అడుగున మెత్తగా, కుళ్లు వాసన.

దాన్ని మళ్లీ అదే చోట గుచ్చి దిగాను.

జూన్ 17

మొవ్వు పచ్చగానే

జూన్ 18

మూడు తరాల గీతగాణ్ణి. కత్తి ఎంత దిగితే చెట్టు బతుకుతుందో ఎంత దిగితే చస్తుందో నాకు తెలియదా? తెలుసు. చేతికి తెలిసింది, ఆ సుఖంలో నేను వినలేదు. భీమన్న చెయ్యి మొరటని రాశాను పైన.

చాచాతో చెప్పాలి. శుక్రవారం చెప్తాను.

జూన్ 23, శుక్రవారం

చెప్పలేదు. చెప్తే రానివ్వరు. ఈ పంట దించేదాకా ఆగి చెప్తాను. పంట మధ్యలో బీదార్ పోతే వాళ్లకే నష్టం. ఇది వాళ్ల మంచికే.

జులై 7, శుక్రవారం

కాయ పసుపుకు తిరిగింది. ముందు పండేవి దించుతున్నాం. రంజాన్‌కు నెల లేదు, అవ్వ ఇంటినిండా చాపలు పరిచింది. నేను తాడు కట్టి గెల కిందికి వదిలితే చాచా చేతులు చాచి, పసిబిడ్డను అందుకున్నట్టు అందుకుంటాడు. ఒక్క కాయ నేల రాలనివ్వడు. వాసన చూసి ఏ చెట్టుదో చెప్తాడు.

మా ఇద్దరి మధ్య గోడ మూలన ఆ చెట్టు ఉంది. నేను అటు చూడను. ఆయన చూడలేడు.

జులై 14, శుక్రవారం

అవ్వ చూసింది. మేక తప్పిపోతే వెతుకుతూ గోడ మూలకు పోయింది. ఆకులన్నీ విరిగిన గొడుగులా కిందికి వేలాడుతున్నాయి, ఇక ఎవరికైనా కనిపిస్తుంది. అవ్వ అరవలేదు. చెట్టును చేత్తో నిమురుతూ నిలబడింది. ఎంతసేపో.

ఆ తర్వాత జిన్నుల పని అంది. బహ్లాలో ఏం జరిగినా ముందు జిన్నుల మీదికే పోతుంది. నేను లోపల ఆ జిన్నులకు చేతులెత్తి దండం పెట్టాను. మనిషి ఇంత దిగజారతాడని తెలియదు.

జులై 18

జిన్నులు కాదట. పక్క తోట ఆవిడ కన్ను పడిందట. ఈ ఏడు పూత అడగడానికి వచ్చినప్పుడు చెట్టును అదేపనిగా చూసిందట. ఫలజ్ దగ్గర అవ్వ ఆవిడ బిందె తన్నేసింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఒకే కాలువలో గిన్నెలు తోముకున్నవాళ్లు. ఇప్పుడు ఎడమొహం పెడమొహం. ఆవిడ ఏడుస్తూ పోతుంటే నేను ఇసుక తట్ట నెత్తిన పెట్టుకుని ఆ దారినే వచ్చాను.

శుక్రవారం చెప్తాను. ఈసారి తప్పదు.

జులై 21, శుక్రవారం

మాట సిద్ధం చేసుకుని పోయాను. ఉర్దూలో నాలుగుసార్లు అనుకున్నాను.

నేను పోయేసరికే చాచా అవ్వ ముందు నిలబడి ఉన్నాడు. అరబ్బీలో ఏదో అంటున్నాడు. నాకు అరబ్బీ కొద్దిగానే వచ్చు. కుడిచెయ్యి ముందుకు చాచి, ఎడమచేత్తో దాన్ని కొట్టుకున్నాడు. మళ్లీ కొట్టుకున్నాడు. కళ్లు చూపించుకున్నాడు. నాకు అర్థమైంది. ఈ చెట్టు నా చేతి వల్ల పోయింది, మొండికి నేనే ఎక్కి, కన్ను ఆనక పూత కోసేటప్పుడు కత్తి మెడలోకి దింపాను, పక్కావిడ పాపం లేదు, అంటున్నాడు.

నేను నోరు తెరిచాను. చాచా నా అలికిడి విని, నా వైపు తిరక్కుండానే, "చుప్" అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. ఆయన అనమన్నాడని మూసుకున్నానా? అలాగే రాసుకుందామా?

 అవ్వ చాచా భుజం మీద ఉన్న హాబూల్ తీసింది. ఆయన భుజం వంచి ఇచ్చాడు. తెచ్చి నా మెడలో వేసింది.

జులై 28, శుక్రవారం

ఆఖరి చెట్టు దించేశాం. దించేశాను. చాచా ఇప్పుడు తోటకు రాడు.

అవ్వ నా వంతు కొలిచి ఇచ్చింది, చెట్టుకో గెల. అన్నిటిలోకీ మంచి గెలలు ఏరి పెట్టింది. "చేతి వాసి మంచిది" అన్నట్టు నా చెయ్యి పట్టుకుని కళ్లకు అద్దుకుంది. పై ఏడు పూత పక్క తోటలవాళ్లను అడుక్కోవాలి, ఆ మాట సైగలతో చెప్పి అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. అడిగితే ఇవ్వడమే తెలిసిన మనిషి.

గెలలన్నీ మోసుకుని చాచా గుమ్మానికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన నా లొట్టి. నిచ్చెన వేయించి మనవణ్ణి ఎక్కించి దింపించాడట.

"మే నెలలోనే తెలుసు" అన్నాడు. "కళ్లు పోయాయి కానీ ముక్కు పోలేదు. కరాచీలో తాటికల్లు తాగినవాణ్ణే."

"ఎందుకు అడగలేదు చాచా?"

"అడిగితే నువ్వు వచ్చేవాడివి కాదు. నువ్వు రాకపోతే గెలలు ఎవరు కడతారు? కట్టకపోతే అన్నీ విరిగేవి. రెండు రోజులు గీసి మానేస్తావనుకున్నాను. పోతు చెట్టు గట్టిదనుకున్నాను." లొట్టిని పక్కకు జరిపాడు. "నాదీ తప్పే. పంట మీద ఆశ."

అవ్వతో ఇప్పుడే నిజం చెప్తానన్నాను. చాచా నా మణికట్టు పట్టుకున్నాడు. ఎముకల చెయ్యి, కానీ ఎంత బలం.

"చెప్తే నిన్ను పంపేస్తారు, ఆ తాడు ఎవరూ ఎత్తరు, తోట ఎండుతుంది. నేను ఎలాగూ ఎక్కలేనివాణ్ణి. ఒక బీదార్ పోయాడు, చాలు. రెండోవాడు ఉండాలి. మాఘంలో పూత నువ్వే కట్టాలి. కడతావా?"

కడతానన్నాను. కాటమయ్య మీద ఒట్టు వేశాను.

"ఆ కత్తి?"

ఇచ్చేశాను. ఆయన దాని అంచు బొటనవేలితో తడిమాడు. "మంచి కత్తి" అన్నాడు.

ఆగస్టు 2

బడి పని అయిపోవచ్చింది. సైట్‌లో ఫోర్‌మన్ రషీద్ అందరినీ నిలబెట్టి, ఈ దేశం దక్షిణపు కొసన సలాలాలో కొత్త పని ఉంది, సగం మంది అక్కడికి, సగం మంది ఇక్కడే, ఎవరెవరు పోతారో చేతులెత్తమన్నాడు. కొందరు ఎత్తారు.

చాచా వద్దన్న గెలలు రూమ్‌లో పంచాను. అందరూ మెచ్చుకుంటూ తిన్నారు. నేను తినలేదు, పన్ను నొప్పి.

ఆగస్టు 4, శుక్రవారం

రేపు సలాలా. కంపెనీ పంపుతోంది, మనం చేసేదేముంది? కూలికి వచ్చినవాళ్లం, ఎక్కడ దించితే అక్కడే.

పొద్దున్నే, ఎవరూ లేవకముందు, హాబూల్ తీసుకుపోయి అవ్వ తలుపు గొళ్లానికి తగిలించి వచ్చాను. చాచా ఇంటి మీదుగా పోలేదు. అటు దారి చుట్టు.

ఆగస్టు 9. సలాలా

తుంపర. ఇక్కడ ఈ నెలల్లో ఎండే ఉండదట. కొండలు పచ్చగా ఉన్నాయి, పొగమంచు. మన దగ్గరి శ్రావణంలా ఉంది. రోడ్డుకు ఒక పక్కంతా కొబ్బరి తోటలు, అరటి తోటలు. కిటికీ వైపు కూర్చోలేదు.

ఆగస్టు 10

డ్యూటీ.

ఆగస్టు 19

డ్యూటీ. పెద్దులుతో మాటా మాటా వచ్చింది. కంపెనీ నన్ను బహ్లాలో ఉంచి ఉంటే బాగుండేది, నా తలరాత అని ఏదో అన్నాను. తట్ట కింద పెట్టి నా వైపు చూశాడు.

"కంపెనీ ఏందే? అందరికంటె ముందుగాల చెయ్యెత్తింది నువ్వే గదా నర్సన్నా. నీ ఎనుక నేనెత్తిన."

వాడికి సరిగ్గా గుర్తులేదు.

ఆగస్టు 20

నేనే ఎత్తాను. కుడిచెయ్యి.

సెప్టెంబరు 8, శుక్రవారం

కాగితం ముట్టి చాలా రోజులైంది. రంజాన్ అయిపోయింది, పండుగ అయిపోయింది. అవ్వ ఇంట్లో నేను దించిన పండుతోనే రోజూ సాయంత్రం ఉపవాసం విడిచి ఉంటుంది. చాచాకు పంపిందో లేదో.

మాఘం వస్తుంది. పూత పొత్తులు పగులుతాయి. ఎక్కేవాడి కోసం ఆయన అరుగు మీద కూర్చుని దారి వింటూ ఉంటాడు. నేను అటు పోనంత కాలం ఆయన వింటూనే ఉంటాడు. ఉత్తరం రాద్దామంటే ఆయన చదవలేడు, అవ్వా చదవలేదు. చదివిపెట్టేవాడికి ఏమని రాయను?

సెప్టెంబరు 15, శుక్రవారం

సైట్ పక్క కొబ్బరి తోటాయన వచ్చాడు. కాయ దింపేవాడు జ్వరంతో పడ్డాడట. మీలో చెట్టెక్కడం వచ్చినవాళ్లు ఉన్నారా అని అడిగాడు. డబ్బు ఇస్తానన్నాడు, డబ్బు వద్దంటే కాయలు ఇస్తానన్నాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. తోట కూడా చక్కగా ఉంది, చెట్లకు కాపు విరగబడింది.

పెద్దులు నన్ను ముందుకు తోశాడు. "ఈయన ఉన్నడు, మా నర్సన్న. తాతల కాడికెల్లి చెట్లెక్కుడే పని. గింత మొనగాడు మీకు సలాలా మొత్తంల దొరకడు." ఉర్దూలో కూడా చెప్పాడు.

తోటాయన మొహం విప్పారింది. "వచ్చా?" అని నన్ను అడిగాడు.

చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను.

"నాకు రాదు" అన్నాను.

 పెద్దులు వంగి నా పాదాల కేసి చూశాడు. నేను తట్ట ఎత్తుకుని ఇసుక కుప్ప దగ్గరికి నడిచాను.